కంటి పైపొర, దాన్ని కాపాడే కణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కళ్లు మండుతున్నాయనో, ఎర్రబడ్డాయనో వెళితే డాక్టరు "ఇన్‌ఫెక్షన్ కాదండీ, ఇన్‌ఫ్లమేషన్" అంటారు. బయటికొచ్చాక ఆ రెండింటికీ తేడా ఏమిటో ఎవరినడగాలో తెలియదు. మొదటిది బయటి నుంచి వచ్చిన క్రిమి చేసే పని. రెండోది మన సొంత రక్షక కణాలు చేసే పని. కంటి విషయంలో రెండోది కూడా చూపు మీదికి తెస్తుంది. అందుకే ఈ ప్రశ్నలు, జవాబులు. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

కంటి ఉపరితలం అంటే అసలు ఏది?

నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొర కార్నియా. మందం సుమారు అర మిల్లీమీటరు. తెల్లగుడ్డును, రెప్పల లోపలి వైపును కప్పే పల్చటి తడి పొర కంజంక్టైవా. ఈ రెండూ కలిసే అంచు లింబస్. వీటికి తోడు పైన పరుచుకునే కన్నీటి పొర, ఆ కన్నీరు తయారు చేసే గ్రంథులు, రెప్పల అంచున నూనె వదిలే మైబోమియన్ గ్రంథులు. డాక్టర్లు 'ఆక్యులర్ సర్ఫేస్' అన్నప్పుడు ఇవన్నీ కలిపే అంటారు, ఎందుకంటే ఒకటి చెడితే మిగతావి ఎక్కువ కాలం బాగుండవు.

కార్నియాలో రక్తనాళాలే ఉండవు కదా, మరి రక్షక కణాలు ఎక్కడి నుంచి వస్తాయి?

మంచి ప్రశ్న. చాలాకాలం శాస్త్రవేత్తలు కూడా ఆరోగ్యంగా ఉన్న కార్నియా నడిమధ్యలో రక్షక కణాలు దాదాపు ఉండవనే అనుకున్నారు.

ముందు రక్తనాళాల సంగతి. వెలుతురు అడ్డం లేకుండా లోపలికి పోవాలంటే కార్నియాలో నెత్తురు పారకూడదు. అందుకే అది ఆక్సిజన్‌ను ఎక్కువగా గాలి నుంచే, కన్నీటి పొర ద్వారా తీసుకుంటుంది. పక్కనే ఉన్న కంజంక్టైవా నిండా రక్తనాళాలు ఉన్నా అవి గీత దాటి కార్నియాలోకి రావు. ఎందుకు రావో 2006లో అంబటి బాలమురళి, అంబటి జయకృష్ణ సోదరులు, వారి సహచరులు చూపించారు. రక్తనాళాలను పెరగమని ప్రేరేపించే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను కార్నియాలోని మరో ప్రొటీన్ పట్టి ఉంచేస్తుంది. మెనటీ అనే నీటి జంతువు కార్నియాలో ఈ రెండో ప్రొటీన్ లేదు. దాని కార్నియాలో రక్తనాళాలు ఉన్నాయి! ఇంతకంటే చక్కటి రుజువు దొరకడం కష్టం.

ఇక కణాల సంగతి. 2002 ప్రాంతంలో ఎలుకల కార్నియా మధ్యలోనూ డెండ్రైటిక్ కణాలు ఉన్నాయని తేలింది. కొమ్మల్లాంటి చేతులు చాచుకుని ఉండే ఈ కణాల పని, కొత్తగా వచ్చినదేదైనా ఉంటే దాని ముక్కను పట్టుకెళ్లి లింఫ్ గ్రంథిలో ఉన్న టీ కణాలకు చూపించడం. మామూలు రోజుల్లో కార్నియా మధ్యలో ఉండేవి ఇంకా పరిపక్వం కాని దశలో, పెద్దగా స్పందించకుండా ఉంటాయి. 2022లో మెల్‌బోర్న్ పరిశోధకులు ఆరోగ్యవంతుల కళ్లలో బతికున్న కణాల కదలికలను కన్‌ఫోకల్ మైక్రోస్కోపుతో వీడియోలా తీసి, కార్నియాలో టీ కణాలు కూడా తిరుగుతుంటాయని చూపించారు. మీరు ఇది చదువుతున్నప్పుడూ మీ కంట్లో అవి తిరుగుతూనే ఉంటాయి.

ఏయే కణాలు ఉంటాయి? అన్నీ తెలుసుకోవాలా?

అక్కర్లేదు. ఈ అయిదు తెలిస్తే డాక్టరు మాట సగం అర్థమవుతుంది. క్రిమి మీదికి ముందుగా పరుగెత్తేవి న్యూట్రోఫిల్స్. చెత్తను మింగేసి శుభ్రం చేసేవి మాక్రోఫేజ్‌లు. అలర్జీలో దురద పుట్టించే హిస్టమిన్‌ను వదిలేవి మాస్ట్ కణాలు. సమాచారం మోసేవి డెండ్రైటిక్ కణాలు. ఆ సమాచారాన్ని బట్టి దాడిని నడిపేవి టీ కణాలు. టీ కణాల్లోనే 'ఇక చాలు, ఆపండి' అని చెప్పే రకమూ ఉంది. వాటిని టీ-రెగ్ కణాలంటారు. కంటి ఆరోగ్యానికి ఇవే అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. కాలి మీద పుండు మాని మచ్చ పడితే ఏమీ కాదు, కార్నియా మధ్యలో మచ్చ పడితే చూపు పోతుంది. కాబట్టి ఇక్కడ దాడి ఎంత అవసరమో దాన్ని సమయానికి ఆపడమూ అంతే అవసరం.

కన్నీళ్లు ఉప్పునీళ్లే కదా?

కాదు. అందులో ఐజీఏ రకం యాంటీబాడీలు, బ్యాక్టీరియాకు ఇనుము అందకుండా చేసే లాక్టోఫెరిన్, బ్యాక్టీరియా గోడను కోసేసే లైసోజైమ్ ఉంటాయి. లైసోజైమ్‌ను కనిపెట్టింది పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగే. 1922లో దాని గురించి ప్రకటించాడు. ప్రయోగాలకు కన్నీళ్లు చాలక, తన ల్యాబులో వాళ్ల కళ్లలో నిమ్మరసం పిండించి మరీ సేకరించాడు. (మీరు ప్రయత్నించకండి.)

పొద్దున లేవగానే కంటి మూలల్లో పుసి ఎందుకుంటుంది? ఇన్‌ఫెక్షనా?

కొంచెం పుసి మామూలే. రాత్రంతా కన్ను మూసి ఉంటే గాలి తగలదు, రెప్ప ఆడదు, కన్నీరు కొత్తది రాదు. ఆ సమయంలో కాపలాగా న్యూట్రోఫిల్స్ లక్షల్లో కంటి మీదికి చేరతాయి. కన్ను తెరవగానే కన్నీరు వాటిని కడిగేస్తుంది. మూలకు చేరి ఎండిన పుసిలో శ్లేష్మం, నూనెతో పాటు ఈ కణాలూ ఉంటాయి.

న్యూట్రోఫిల్స్‌కు ఒక వింత అలవాటుంది. అవసరమైతే తమ డీఎన్ఏనే బయటికి విసిరి వల పన్ని క్రిముల్ని అందులో బంధిస్తాయి. కంటికి ఇన్‌ఫ్లమేషన్ ఉన్నవాళ్లలో ఈ వలలు అతుక్కుని గడ్డలుగా మారి, మైబోమియన్ గ్రంథుల నోళ్లు మూసేస్తాయని జర్మనీలోని ఎర్లాంగెన్ పరిశోధకులు చూపించారు. రెప్పల అంచులు రోజూ గోరువెచ్చటి కాపడం పెట్టి తుడుచుకోమని డాక్టర్లు చెప్పేది ఈ గ్రంథుల నోళ్లు మూసుకుపోకుండా ఉండటానికే. చాదస్తంతో చెప్పే మాట కాదు.

పుసి పచ్చగా, చిక్కగా వస్తూ రోజంతా కారుతుంటే, రెప్పలు అతుక్కుపోతుంటే అది వేరే కథ. చూపించుకోవాలి.

కళ్లు పొడిబారితే నీళ్లు తగ్గాయనేగా? ఇందులో ఇమ్యూనిటీ పాత్ర ఏముంది?

ఇక్కడే చాలామంది పొరపడతారు. డ్రై ఐ మొదలయ్యేది నీళ్లు తగ్గడంతోనో, నూనె తగ్గి ఉన్న నీళ్లు త్వరగా ఆవిరైపోవడంతోనో. అది నిజమే. కానీ ఏళ్ల తరబడి తగ్గకుండా లాగేది మాత్రం రక్షక కణాలే.

పొయ్యి మీద పులుసు ఇగిరేకొద్దీ ఉప్పదనం పెరిగినట్టు, కన్నీరు ఆవిరయ్యేకొద్దీ అందులో ఉప్పు గాఢత పెరుగుతుంది. ఆ ఉప్పుకు కార్నియా పైకణాలు ఒత్తిడికి లోనై ప్రమాద సంకేతాలు వదులుతాయి. నిద్రాణంగా ఉన్న డెండ్రైటిక్ కణాలు లేచి, లింఫ్ గ్రంథికి వెళ్లి టీ కణాల్ని రెచ్చగొడతాయి. టీ కణాలు కంటికి చేరి ఇంటర్‌ఫెరాన్-గామా వంటి రసాయనాలు వదులుతాయి. దాంతో కంజంక్టైవాలో జిగురు తయారు చేసే గోబ్లెట్ కణాలు చచ్చిపోతాయి. ఆ జిగురు లేకపోతే కన్నీరు కంటి మీద నిలవదు, విడివిడి మచ్చలుగా ఆరిపోతుంది. ఆరితే ఉప్పు పెరుగుతుంది. ఉప్పు పెరిగితే మళ్లీ మొదటికి.

ఇది ఊహ కాదని చూపించిన ప్రయోగం ఒకటి 2006లో వచ్చింది. పొడిగాలిలో ఉంచి కళ్లు ఎండగట్టిన ఎలుకల నుంచి టీ కణాలు తీసి, సొంతంగా టీ కణాలు లేని వేరే ఎలుకలకు ఎక్కించారు. ఆ రెండో ఎలుకలు ఒక్కరోజు కూడా పొడిగాలిలో లేవు. అయినా వాటి కళ్లలో అదే జబ్బు వచ్చింది. గాలి చేసిన పనిని టీ కణాలు ఒంటరిగా చేసి చూపించాయన్నమాట.

2017లో ప్రపంచవ్యాప్తంగా నిపుణులు కూర్చుని డ్రై ఐకి రాసుకున్న నిర్వచనంలో కన్నీటి పొర నిలకడ లేకపోవడం, ఉప్పు గాఢతతో పాటు ఇన్‌ఫ్లమేషన్, నరాల తేడాలు కూడా చేర్చారు. నరాల మాట ఎందుకంటే, కార్నియా శరీరంలోకెల్లా అత్యంత దట్టంగా నరాలున్న చోటు. డెండ్రైటిక్ కణాలు ఈ నరాలను ఆనుకునే ఉంటాయి. కొందరికి పరీక్షలో కన్ను బాగానే కనిపించినా మంట భరించలేనంతగా ఉండటానికి ఈ నరాలే కారణం. "ఏమీ లేదు, టెన్షన్ పెట్టుకోకండి" అని పంపించేస్తే వాళ్లకు న్యాయం జరగదు.

రోజంతా కంప్యూటర్ ముందు, ఏసీలో. నేనూ ఆ చక్రంలో పడ్డట్టేనా?

పడాల్సిన పని లేదు. స్క్రీన్ చూసేటప్పుడు రెప్ప వేయడం బాగా తగ్గుతుంది, వేసినా సగమే వేస్తాం. ఏసీ గాలి దానికి తోడు. ఈ దశలో ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీటి చుక్కలు, గాలి ముఖానికి నేరుగా తగలకుండా కుర్చీ జరపడం, నిండుగా రెప్ప మూసి తెరవడం సరిపోతాయి. వారాల తరబడి అవి చేసినా మంట తగ్గకపోతే రక్షక కణాలు రంగంలోకి దిగాయేమో చూడాలి. ప్రిజర్వేటివ్ ఉన్న చుక్కలు రోజుకు ఏడెనిమిది సార్లు వేసుకుంటే అవే కంటి పైకణాలను దెబ్బతీస్తాయి. సీసా మీద చూసి కొనండి.

సైక్లోస్పోరిన్ చుక్కలు రాశారు. నెట్‌లో చూస్తే కిడ్నీ మార్పిడి చేసినవాళ్లకు ఇచ్చే మందంట. భయంగా ఉంది.

అదే మందు. మోతాదు వేరు. నార్వే మట్టి నమూనాలోని ఒక బూజు నుంచి వచ్చిందీ మందు. టీ కణాలు చురుకు కాకుండా ఆపుతుంది కాబట్టి 1970ల చివర్లో అవయవ మార్పిడిలో వాడటం మొదలుపెట్టారు. కంటికి వాడేది 0.05 శాతం, 0.1 శాతం లాంటి పల్చటి చుక్కలు. నెత్తుటిలోకి చేరేది లెక్కలోకి రానంత తక్కువ. మనుషుల కంటే ముందు కుక్కల డ్రై ఐకి వాడి మంచి ఫలితం చూశారు. అమెరికాలో మనుషులకు చుక్కలుగా అనుమతి వచ్చింది 2002లో.

రెండు విషయాలు ముందే తెలిసి ఉంటే మధ్యలో మానేయరు. ఒకటి, మొదట్లో వేసుకోగానే మండుతుంది. రెండు, గుణం కనిపించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఎందుకంటే ఇది ఉన్న మంటను చల్లార్చదు, కొత్త టీ కణాలు లేవకుండా చూస్తుంది. పాతవి వాటంతటవి పోవాలి. అందుకే చాలామంది డాక్టర్లు మొదటి కొన్ని వారాలు తోడుగా తేలికపాటి స్టిరాయిడ్ ఇచ్చి తర్వాత ఆపేస్తారు.

కళ్లతో పాటు నోరు కూడా ఎండిపోతోంది. కీళ్ల నొప్పులూ ఉన్నాయి.

అయితే కంటి డాక్టరుతో పాటు రుమటాలజిస్టును (కీళ్లవాతం లాంటి జబ్బులు చూసే డాక్టరును) కూడా కలవండి. షోగ్రెన్స్ సిండ్రోమ్ అయ్యే అవకాశం చూడాలి. స్వీడన్ కంటి డాక్టరు హెన్రిక్ షోగ్రెన్ 1933లో దీని మీద సిద్ధాంత వ్యాసం రాశాడు. ఇందులో లింఫోసైట్లు (టీ కణాలు చెందిన తెల్లరక్తకణాల జాతి) కన్నీటి గ్రంథిలోకి, లాలాజల గ్రంథుల్లోకి చొరబడి వాటిని నాశనం చేస్తాయి. బాధితుల్లో పదిలో తొమ్మిది మంది ఆడవాళ్లే. "వయసు కదమ్మా, అన్నీ ఎండుతాయి" అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేసే జబ్బుల్లో ఇదొకటి. ఇడ్లీ కూడా నీళ్లు తాగితే గానీ గొంతు దిగడం లేదంటే అది వయసు కాదు.

పరీక్ష సులువే. కింది రెప్పలో చిన్న కాగితపు ముక్క పెట్టి 5 నిమిషాల్లో ఎంత తడిసిందో చూస్తారు. 5 మిల్లీమీటర్లు గానీ అంతకంటే తక్కువ గానీ తడిస్తే అనుమానించాల్సిందే. తర్వాత రక్తపరీక్షలు చెబుతారు.

మా బాబుకు ఎనిమిదేళ్లు. ఎండాకాలం వస్తే చాలు కళ్లు ఎర్రగా, ఒకటే నులుముడు. ప్రతి ఏడూ ఇదే.

వర్ణల్ కెరటో కంజంక్టివైటిస్ లక్షణాల్లా ఉన్నాయి. వేడి, పొడి ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే అలర్జీ ఇది. తెలుగు రాష్ట్రాల్లో కంటి ఆసుపత్రుల ఓపీలో వేసవిలో ఈ పిల్లలు చాలామంది కనిపిస్తారు. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ. చాలామందిలో యుక్తవయసు వచ్చేసరికి తగ్గిపోతుంది. అయితే 'ఎలాగూ తగ్గిపోతుందిలే' అని ఊరుకుంటే అప్పటికి కార్నియాకు జరగాల్సిన నష్టం జరిగిపోవచ్చు.

పై రెప్పను తిరగేసి చూస్తే లోపలంతా బొడిపెలు బొడిపెలుగా ఉంటుంది. నల్లగుడ్డు అంచున తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి చచ్చిన ఇసినోఫిల్స్, పైకణాల కుప్పలు. ఇసినోఫిల్స్ అనేవి అలర్జీలో వచ్చిపడే తెల్లరక్తకణాలు. అవి వదిలే ప్రొటీన్లు కార్నియా పైపొరకు విషం. అందుకే ముదిరిన పిల్లల్లో పై రెప్ప కింద, కార్నియా మీద డాలు ఆకారంలో పుండు పడుతుంది. పుసి తీగలా సాగుతుంది. పిల్లాడు వెలుతురు చూడలేక బడిలో తల వంచుకుని కూర్చుంటాడు. మాస్టారు సోమరితనం అనుకుంటారు.

నులమడం మాన్పించడమే అన్నిటికంటే పెద్ద పని. ఏళ్ల తరబడి నులిమితే కార్నియా పల్చబడి ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. దురదగా ఉన్నప్పుడు చల్లటి తడిబట్ట వేయండి. తేలికపాటి దశలో మాస్ట్ కణాలను శాంతపరిచే ఓలోపటడిన్ లాంటి చుక్కలు, అవి చాలకపోతే సైక్లోస్పోరిన్ చుక్కలు గానీ టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ గానీ రాస్తారు. బాగా ఎక్కువైనప్పుడు కొద్దిరోజులు స్టిరాయిడ్ తప్పదు. డాక్టరు చెప్పిన రోజున ఆపేయాలి.

స్టిరాయిడ్ చుక్కలు వేస్తే ఒక్కరోజులో తగ్గిపోతోంది. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తున్నారు. ఎందుకు వాడకూడదు?

ఒక్కరోజులో తగ్గడమే దానితో వచ్చిన చిక్కు. స్టిరాయిడ్ అన్ని రకాల రక్షక కణాలనూ ఒకేసారి అణచేస్తుంది. అలర్జీ ఎరుపు పోతుంది. అదే సమయంలో లోపల ఫంగస్ గానీ హెర్పిస్ వైరస్ గానీ ఉంటే దాన్ని ఆపేవాళ్లు ఉండరు. పైకి కన్ను తెల్లగానే కనిపిస్తుంది, లోపల కార్నియా కరుగుతుంటుంది.

నెలల తరబడి వాడితే కంట్లో ప్రెషర్ పెరిగి నీటికాసులు, కటకం మసకబారి శుక్లం వస్తాయి. పిల్లల్లో ప్రెషర్ ఇంకా త్వరగా పెరుగుతుంది. నొప్పి ఉండదు కాబట్టి చూపు చాలావరకు పోయాక గానీ తెలియదు. పోయిన ఏడాది చీటీ చూపించి అదే సీసా మళ్లీ కొనడం మన ఊళ్లలో మామూలైపోయింది. అలర్జీ వల్ల ఎప్పుడూ చూపు పోని పిల్లలు ఈ సీసా వల్ల పోగొట్టుకుంటున్నారు. మెత్తని మాటల్లో చెప్పాల్సిన విషయం కాదిది. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, లోటెప్రెడ్నాల్, ఫ్లోరోమెథలోన్ అనే పేర్లలో ఏదున్నా అది స్టిరాయిడే. యాంటీబయాటిక్‌తో కలిపి అమ్మేవాటిలోనూ ఉంటుంది.

కళ్లకలక తగ్గింది. ఎరుపు లేదు. కానీ మసకగా కనిపిస్తోంది. ఇంకా వైరస్ ఉందా?

బహుశా లేదు. ఎడినోవైరస్ వల్ల వచ్చే కళ్లకలకలో, వారం పది రోజుల తర్వాత కార్నియా పైపొర కింద గుండ్రటి తెల్లమచ్చలు పడొచ్చు. వైరస్ వెళ్లిపోయినా దాని ప్రొటీన్ ముక్కలు అక్కడే మిగిలి ఉంటే, వాటి చుట్టూ తెల్లరక్తకణాలు మూగడం వల్ల ఏర్పడే మచ్చలివి. రాత్రిపూట లైట్ల చుట్టూ వెలుగు చెదిరినట్టు ఉంటుంది. వారాల్లో, నెలల్లో చాలావరకు పోతాయి. యాంటీబయాటిక్ చుక్కలతో వీటికి ఏ సంబంధమూ లేదు. చూపు బాగా ఇబ్బంది పెడితే డాక్టరు పర్యవేక్షణలో మాత్రమే మందు వాడతారు.

2023 వానాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు, హాస్టళ్లు కళ్లకలకతో నిండిపోయాయి. ఇలాంటి వెల్లువలు కొత్త కాదు. 1969లో ఘనాలో ఒక రకం కళ్లకలక చెలరేగినప్పుడు, అప్పుడే మనిషి చంద్రుడి మీద దిగాడు కాబట్టి జనం దాన్ని 'అపోలో జబ్బు' అన్నారు. 1971లో బెంగాల్లో వచ్చినదానికి 'జై బంగ్లా' అనే పేరు పడింది. అన్నట్టు, కళ్లకలక ఉన్నవాళ్లను చూస్తే అంటుకోదు. ముట్టుకున్న చెయ్యి, వాడిన తువ్వాలు అంటిస్తాయి.

కోతలప్పుడు వరి ఆకు కంటికి గీసుకుంది. రెండు రోజులైంది, నల్లగుడ్డు మీద తెల్లగా ఉంది.

ఇది చదవడం ఆపి కంటి ఆసుపత్రికి బయల్దేరండి. ఆకు, ముల్లు, ధాన్యపు నూగు, మట్టి తగిలిన కంట్లో ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ వంటి ఫంగస్‌లు నాటుకుంటాయి. దక్షిణ భారతంలో కార్నియా పుండ్లలో ఫంగస్ వాటా పెద్దది. అందులో ఎక్కువమంది పొలం పనివాళ్లే.

ఇక్కడ న్యూట్రోఫిల్స్ చేసేది రెండంచుల పని. అవి లేకపోతే ఫంగస్ కన్నును పూర్తిగా తినేస్తుంది. కానీ అవి వదిలే ఎంజైములు ఫంగస్‌తో పాటు కార్నియాలోని కొల్లాజెన్‌నూ కరిగిస్తాయి. తెల్లగా కనిపిస్తున్నదాంట్లో ఫంగస్ ఎంతో, మన కణాలు కూడా అంతే. క్రిమి చచ్చాక మిగిలే మచ్చే మన పెద్దవాళ్లు 'కంట్లో పువ్వు' అనేది. అందుకే మందు ఒక్కరోజు ముందు మొదలైతే మచ్చ అంత చిన్నదవుతుంది. పుండును గీకి మైక్రోస్కోపు కింద చూసి, ఫంగస్ అని తేలితే నటమైసిన్ చుక్కలు మొదలుపెడతారు. ఫ్యుజేరియం మీద వోరికొనజోల్ అనే మరో మందు కంటే ఇదే బాగా పనిచేస్తుందని తమిళనాడులోని అరవింద్ కంటి ఆసుపత్రుల్లో జరిగి 2013లో వెలువడిన పెద్ద ట్రయల్ తేల్చింది. గంట గంటకూ వేయాలి, వారాల తరబడి వేయాలి. ఈ కంట్లో స్టిరాయిడ్ పడితే మాత్రం ఇక చెప్పేదేమీ ఉండదు.

చనుబాలల్లో యాంటీబాడీలు ఉంటాయట కదా. కంట్లో వేస్తే తప్పేంటి? నందివర్ధనం పూలు?

చనుబాలల్లో ఐజీఏ ఉన్న మాట నిజమే. కానీ పాలు స్టెరైల్ కావు, చర్మం మీది బ్యాక్టీరియా అందులో ఉంటుంది. పుండు పడిన కంట్లో అది కొత్త ఇన్‌ఫెక్షన్‌కు దారి. పసరు, తేనె, ఆముదం సంగతీ అంతే. నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద చల్లగా పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, దాంతో పేచీ లేదు. రసం తీసి లోపల పిండొద్దు.

జ్వరం వచ్చినప్పుడల్లా ఒకే కన్ను ఎర్రబడుతోంది. ఎందుకు?

హెర్పిస్ సింప్లెక్స్ కావచ్చు. చిన్నప్పుడే ఒంట్లో చేరి, ముఖానికి స్పర్శనిచ్చే నరం మొదట్లో దాక్కుంటుంది. అక్కడ టీ కణాలు దాన్ని ఏళ్ల తరబడి లేవకుండా పట్టి ఉంచుతాయి. జ్వరమో, మరేదైనా ఒత్తిడో వచ్చి ఆ పట్టు సడలితే నరం వెంట కంటికి దిగుతుంది. పైపొరలో ఉన్నప్పుడు వైరస్సే నష్టం చేస్తుంది, యాంటీవైరల్ మందు చాలు. లోపలి పొరకు దిగితే వైరస్ కంటే దాని మీద విరుచుకుపడే మన కణాలే ఎక్కువ నష్టం చేస్తాయి. అప్పుడు యాంటీవైరల్ అండగా ఉంచుకుని స్టిరాయిడ్ ఇస్తారు. పదే పదే వచ్చేవాళ్లకు ఎసైక్లోవిర్ మాత్రలు ఏడాది పాటు ఇస్తే తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గుతుందని అమెరికాలో జరిగిన ట్రయల్‌లో తేలింది.

కార్నియా మార్పిడికి కిడ్నీలా మ్యాచింగ్ ఎందుకు చూడరు?

రక్తనాళాలు లేవు కాబట్టి కొత్త కార్నియాను పరాయిదని గుర్తించే కణాలు అక్కడికి తేలిగ్గా చేరవు. చేరినా శాంతపరిచే ఏర్పాట్లు కంట్లో ఉన్నాయి. దీన్నే 'ఇమ్యూన్ ప్రివిలేజ్' అంటారు. 1940ల్లో పీటర్ మెడవార్ ప్రయోగాలతో బలపడిన ఆలోచన ఇది. అసలు మొట్టమొదటి విజయవంతమైన కార్నియా మార్పిడి 1905 డిసెంబరులో, ఇప్పటి చెక్ దేశంలో ఉన్న ఓలోమౌట్స్‌లో ఎడ్వర్డ్ జిర్మ్ చేశాడు. రిజెక్షన్ (అతికించినదాన్ని ఒళ్లు పరాయిదని తిప్పికొట్టడం) గురించి ఎవరికీ సరిగ్గా తెలియని రోజులవి!

పాత పుండు వల్లో, యాసిడ్ పడటం వల్లో కార్నియాలోకి అప్పటికే రక్తనాళాలు పాకి ఉంటే ఈ సౌకర్యం పోతుంది, రిజెక్షన్ ప్రమాదం బాగా పెరుగుతుంది. మార్పిడి తర్వాత కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, మసకేసినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. తొందరగా పట్టుకుంటే రిజెక్షన్‌ను వెనక్కి తిప్పవచ్చు.

ఫిట్స్ మాత్రలు పడక ఒళ్లంతా బొబ్బలొచ్చాయి. బతికారు గానీ కళ్లు పాడైపోయాయి. దారి ఉందా?

స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అయ్యుంటుంది. కొన్ని ఫిట్స్ మందులు, సల్ఫా మందులు, గౌట్‌కు వాడే అలోప్యూరినాల్ లాంటివి కొందరిలో టీ కణాలను సొంత చర్మం మీద, కంటి పొర మీద ఎగదోస్తాయి. మొదటి రోజుల్లోనే కంటి మీద ఉమ్మపొర (కడుపులో బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీటి సంచి పొర) కప్పితే తర్వాత నష్టం బాగా తగ్గుతుంది. ప్రాణం కాపాడే హడావుడిలో కంటి డాక్టరును పిలవడం మర్చిపోతారు. ఇంట్లోవాళ్లయినా గుర్తుచేయాలి.

తర్వాత దశలో రెప్ప అంచు గరుకుబారి, రెప్ప వేసిన ప్రతిసారీ కార్నియాను గీకుతుంది. పెదవి లోపలి పొర తీసి రెప్ప అంచున అతికే ఆపరేషన్ దీనికి ఉంది. ఇక యాసిడ్, సున్నం పడి లింబస్‌లోని మూలకణాలు పోయినవారికి, రెండో కన్ను బాగుంటే అందులోంచి చిన్న ముక్క తీసి నాటే 'స్లెట్' పద్ధతి ఉంది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో వీరేందర్ సాంగ్వాన్ బృందం రూపొందించి 2012లో ప్రకటించిన ఈ పద్ధతిని ఇప్పుడు చాలా దేశాల్లో చేస్తున్నారు. స్టీవెన్స్ జాన్సన్‌లో రెండు కళ్లూ దెబ్బతింటాయి కాబట్టి ఈ పద్ధతి వాళ్లకు సాధారణంగా పనికిరాదు.

ఇమ్యూనిటీ పెంచే మాత్రలు వేసుకుంటే కళ్లు బాగుంటాయా?

పైన చెప్పినవాటిలో సగం జబ్బులు రక్షక కణాల దూకుడు వల్ల వచ్చేవే. పెంచి ఏం చేద్దామని? పోనీ ఒకదాన్ని పూర్తిగా ఆపేద్దామన్నా కుదరదు. ఎగ్జిమాకు వాడే డూపిలుమాబ్ ఇంజెక్షన్ అలర్జీ సంకేతాలను ఆపుతుంది. చర్మం తేటపడుతుంది, కానీ కొందరికి కళ్లు ఎర్రబడి మండుతాయి. ఎందుకంటే అవే సంకేతాలు గోబ్లెట్ కణాలను బతికిస్తుంటాయి. విటమిన్ ఎ లోపం ఉన్న పిల్లలకు మాత్రం విటమిన్ ఎ కచ్చితంగా అవసరం. అది లేకపోతే గోబ్లెట్ కణాలు పోయి తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు వస్తాయి. మునగాకు, పాలకూర, బొప్పాయి, గుడ్డు తినిపించండి.

కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని నిద్రపోవచ్చా?

వద్దు. రాత్రి కంటికి అందే ఆక్సిజన్ తక్కువ, లెన్స్ దాన్ని ఇంకా తగ్గిస్తుంది. కుళాయి నీళ్లతో లెన్స్ కడగొద్దు, పెట్టుకుని స్నానం చేయొద్దు. నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కంట్లో పడితే నెలల తరబడి వైద్యం.

ఆసుపత్రికి వెంటనే వెళ్లాల్సిన లక్షణాలు ఏవి?

నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ. ఎరుపుతో పాటు నొప్పి. వెలుతురు చూడలేకపోవడం. ఒక్కసారిగా మసక. ఆకు, ముల్లు, ఇనుప రజను తగలడం. లెన్స్ వాడేవాళ్లకు ఏ ఎరుపైనా. సున్నం, యాసిడ్ పడితే మాత్రం ముందు అక్కడికక్కడే మంచినీళ్లతో కనీసం అరగంట ధారగా కడిగి, తర్వాత బయల్దేరండి. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా కంట్లో వేసిన సీసాలన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకెళ్లండి.